మా అన్న తెచ్చిన ఎర్ర బకెట్

జెర ఆ ఫ్యాను తగ్గియ్యి బిడ్డా, పాపకు సలి వెడ్తది. ఆఁ, గంత చాలు. ఇగో ఇటు రా, ఈమె చెవులు సూడు. పైన గిట్ల మడతవడి, కింద ఎంత పెద్దగున్నయో. అచ్చం మా అన్న చెవులే. మీ తాతయి. నీకేం యాదుంటడులే, ఆయన పోయేటప్పటికి నీకు లాగు తొడుక్కునుడు సుత రాదు. ఫోటోల సూసుంటవ్, గా టోపీ వెట్టుకున్న ఫోటో. గది ఆయన టోపీ గాదు, ఫోటో స్టూడియోవోంది. పేరు బ్రహ్మచారి, ఐదుగురు పిల్లలకు తండ్రి. బంగారం పని చేసే మన అవుసులోళ్ళల్ల చారి అని పేరుండుడు మామూలే గని, రేషన్ కార్డు రాసేటోనికి ఏమెరుక? 'పేరేందయ్యా?' 'బ్రహ్మచారి.' 'పిల్లలెందరు?' 'ఐదుగురు.' 'నాతోని మజాకా చేస్తున్నవా?' అని కలం పక్కన వెట్టిండంట. మా అన్న సుత నవ్విండు. ఆయనకు కోపం శానా తక్కువ. కోపమంత మా అమ్మకే ఇచ్చిండు దేవుడు, మిగిలింది నాకిచ్చిండు.

ఇప్పుడు ఆయన ముచ్చటెందుకంటవా? ఎందుకంటే, ఇందాక నేనొచ్చి చెప్పులు ఇడిచిన్నో లేదో, మీ అమ్మ నన్ను వంటింట్లకు పిలిచింది. కుక్కర్ సీటీ పెద్దగొచ్చేటప్పుడు మాట్లాడుతది, సీటీ ఆగంగనే గొంతు తగ్గిస్తది. 'చిన్నమామయ్యా, వానికి జెర మీరన్న చెప్పుండ్రి. ఈ రెండో కాన్పప్పుడు కోడలు రజితకు బీపీ ఎక్కువైందని డాక్టరమ్మ పిల్లలు కాకుండ చేసే ఆపరేషన్ చెయ్యలే. ఇద్దరు చాలనుకుంటే తర్వాత మీ ఇద్దర్ల ఎవరో ఒకరు చేయించుకోండ్రి అన్నదంట. ఎవరో ఒకరు అంటే ఆడిపిల్లనే గద మామయ్యా? లోకమంత గట్లనే చేయించుకుంటలేదా? వీడేమో నేను చేయించుకుంట అని కూసున్నడు. మొగోనికి నడుములు పడిపోవా? నలుగురు ఏమంటరు?' అని కండ్లు ఒత్తుకున్నది. పాపం ఆమె బుగులు ఆమెది. సరే కోడలా, నేను చెప్తపో అన్న. అన్న గాబట్టి చెప్తున్న. కూసో మరి. గా ఫోన్ జేబుల వెట్టు.

పొద్దుగాల టీవీ సూసినవా? ఎవరో పెద్దమనిషి చెప్తుండె, పిల్లలు తక్కువైతున్నరు, ఇంకా కనుండ్రి అని. ముసలోళ్ళు ఎక్కువైతరంట, పార్లమెంటుల మనకు సీట్లు తక్కువైతయంట. నాకు నవ్వాగలే. నా వయసుల ఇదే సర్కారు గోడల మీద రాసింది, ఇద్దరు చాలు అని. ఎర్ర ముక్కోణం, తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లల బొమ్మ, రైలు డబ్బా మీద సుత అదే. గప్పుడేమో ఎక్కువైండ్రనిరి, గిప్పుడేమో తక్కువైండ్రంటున్నరు. మనుషులేమన్న గోదాముల బియ్యం బస్తాలా, నింపు అంటే నింపుతందుకు, తగ్గియ్యి అంటే తగ్గిస్తందుకు? లే, నేను గాలి మాటలంటలేను. గప్పుడు తగ్గాల్సిందే. నేను చూసిన గద. రెజిమెంటల్ బజార్ల మన ఇల్లంటే ఏందనుకున్నవ్, ముందల దుకాణం, దాని వెనక ఒకటే అర్ర, అర్ర వెనక మంచం వట్టనంత వసారా. అండ్ల మా అమ్మ, అన్న, వదిన, ఐదుగురు పిల్లలు, నేను. నా పెండ్లయినంక మీ చిన్నమ్మమ్మ... ఆఁ, చిన్న నానమ్మ, ఆమె సుత వొచ్చె. కొత్త పెండ్లికొడుకును, నేను దుకాణంల కుంపటి పక్కన పండుకుంటుంటి, ఆమె అర్రల మా అమ్మ పక్కన. నవ్వకు. మా పెద్దపిల్ల కల్పలత ఎట్ల పుట్టిందో మాకే తెల్వదు.

ఇగ నల్లా. గల్లీ మొత్తానికి ఒకటే నల్లా. తెల్లారకముందే బిందెలు లైనుల వెడ్తుండిరి. మా లచ్చమ్మ వదిన ఒక పిల్లను సంకన వేసుకొని, ఒక పిల్లను కొంగుకు అంటుకొని, కడుపుల ఇంకొకటి, నడుము మీద బిందె. ఆమె కడుపు లేకుండ నడిసింది నేను సూల్లే అప్పటిదాన్క. నిజంగ. ఆమె నడకనే గంతేమో అనుకున్న.

ఆఖరి కాన్పు ఉన్నది సూడు, అది అన్నాయం. పిల్ల పుట్టుడే పానం లేకుండ పుట్టింది, వదినకు నెత్తురు ఆగలే. దవఖాన్ల పెట్టిండ్రు. మా అన్న బయట మెట్ల మీద కూసున్నడు. ఊకె చేతులు సూసుకుంటుండె. ఆయన చేతులు సూడాల్సింది బిడ్డా, ఎంత సన్నటి పని చేసేటివో. పుస్తెలు చేస్తే మా అన్ననే చెయ్యాలె అని మారేడుపల్లి కాడికెళ్ళి వొచ్చేటోళ్ళు. పుస్తెలంటే మామూలు నగ గాదు గద. పెండ్లోళ్ళు మంచి దినం సూస్కొని, బంగారం పసుపుబట్టల కట్టుకొని, పళ్ళెంల బియ్యం, కొబ్బరికాయ, తమలపాకులు వెట్టుకొని వొస్తరు. అవుసులాయన తానం చేసి, సుత్తెకు పసుపు కుంకుమ పెట్టి, కుంపటికి దండం వెట్టి షురూ చేస్తడు. ఆ బియ్యం, ఆ బట్టలు ఆయనకే. మర్యాద గంతుండె. బతికొచ్చింది మా వదిన. దేవుని దయ. అన్న ఆ మెట్ల మీదకెళ్ళి లేసినంక మనిషి మారిండు. మాట తక్కువైంది.

గప్పుడే సలోమి వొచ్చింది. సలోమి అంటే నర్సు, గల్లీలు తిరిగి కుటుంబ నియంత్రణ గురించి చెప్పే కొలువు ఆమెది. గుంటూరు దిక్కు పిల్ల, చర్చి వెనక అర్ర కిరాయికి తీసుకొని ఉండేది. తెల్ల చీర, నెత్తికి నూనె, చేతిల గొడుగు. చెవి కమ్మకు మర ఊడిందని దుకాణానికొచ్చింది. అన్న మర బిగిస్తుంటే, నిలవడి మాట్లాడవట్టింది. మిగతా నర్సులు ఇంట్ల జొరవడి ఆడోళ్ళను పట్టుకుంటుండిరి. ఈమె ఇంట్లకే పోకపోయేది. దుకాణాల ముందల, చాయ్ కొట్టు కాడ, మొగోళ్ళ తోనే ముచ్చట. మా అమ్మ లోపలికెళ్ళి అరిసింది, 'సిగ్గులేదానె, మొగోళ్ళతోని గీ మాటలా?' అని. సలోమి జెర సుత బెదరలే. 'ఆడాళ్ళకి నేను చెప్పేదేముందండీ పెద్దమ్మగారూ, వాళ్ళకంతా తెలుసు. తెలియాల్సింది వీళ్ళకే కదండీ' అన్నది. గా మాటకు చాయ్ కొట్టు కాడ ఒకడు గట్టిగ నవ్వి, మళ్ళ ఎవరు నవ్వకపోయేసరికి మూసుకున్నడు.

మా అన్న తల ఎత్తకుండనే అడిగిండు, 'ఎవరికి చేస్తే తక్లీఫ్ తక్కువమ్మా?' అని. 'మీకేనండీ. పొద్దున వచ్చి మధ్యాహ్నానికి ఇంటికెళ్ళిపోవచ్చు. ఆవిడకైతే పొట్ట కొయ్యాలి, అసలే రక్తం లేదు.' 'మరి ఇంకేంది?' అన్నడు అన్న. గంతే బిడ్డా. అంత పెద్ద ముచ్చట గంతల్నే అయిపోయింది. ఆమెనే ఆగమన్నది. 'తొందరేం లేదండీ, ఇంట్లో ఆవిడతో మాట్లాడండి. నేను చెప్పేది చెప్తాను, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళను. నా పద్ధతి అది కాదు' అని. వదినతోని మాట్లాడిండు. ఆమె ఏమన్నదో నాకు తెల్వదు. ఏడ్సింది మాత్రం ఇనవడ్డది, గది దుఃఖమా సంతోషమా అంటే చెప్పలేను. అమ్మకు చెప్పలే. చెప్తే అయ్యేదా?

తోడు నేనే పోయిన. ఎమర్జెన్సీ వొచ్చిన కొత్తలు అవి, ఇంకా ఎవర్ని పట్టుకపోతలేరు, ఇష్టమున్నోడు పోతుండె. స్కూలు అర్రల్ల క్యాంపు పెట్టిండ్రు. బయట బెంచీ మీద మొగోళ్ళు వరుసగ కూసున్నరు, ఒక్కడు ఇంకొకని మొఖం సూడడు. అన్న లోపలికి పోయిండు, జెర సేపటికి వొచ్చిండు. 'ఎట్లున్నదన్నా?' అంటే 'చీమ కుట్టినట్టున్నదిరా' అన్నడు. మరి నడక సూస్తే చీమ గాదు, తేలు కుట్టినట్టుండె. ఖర్చులకని ఇంత చేతుల వెట్టి, ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్ ఇచ్చిండ్రు. గప్పుడు ప్లాస్టిక్ బకెట్ అంటే ఏందనుకుంటున్నవ్? అందరింట్ల ఇనుప బకెట్లే, కిందంత తుప్పువట్టి. ఇదేమో ధగధగ ఎర్రగ, గాలికి ఎగిరేటంత తేలిక. నేనే మోస్కొచ్చిన. ఇంటికి నడుసుకుంట వొచ్చినం, గది తప్పు. ఆటోకు దండుగ ఎందుకని ఆయన నడిసిండు, నాలుగొద్దులు పండుకొని మూలిగిండు. అమ్మకు కడుపునొప్పి అని చెప్పినం. బకెట్ సంగతి అడిగితే నగ చేయించుకున్న గిరాకి ఇచ్చిండని చెప్పినం.

ఇగ మా అమ్మ! ఆ బకెట్ సూసి ఆమె మురిసిన మురుసుడు నేను చెప్పలేను. తెల్లారి నల్లా కాడికి ఆమెనే పోయింది, అంతకు ముందు ఎన్నడు పోకపోయేది. లైనుల అందరి ముందల పెట్టింది. 'మా పెద్దోడు తెచ్చిండు. గిరాకి మెచ్చి ఇచ్చిండంట' అని. పొద్దంత బకెట్ కడుగుడు, కడిగి బోర్లేసుడు. దినాలు గడిసినంక గల్లీల ఇంకొక ఇంటికొచ్చింది గసువంటి బకెట్. ఆ తర్వాత వెనక గల్లీల ఒకటి. అన్ని ఎర్రయే, అన్ని ఒకటే సైజు. అందరికి ఎరుకైంది ఆ బకెట్ యాడ ఇస్తరో, ఎందుకిస్తరో. ఒక్క మా అమ్మకే ఎరుక లేదు. ఒకనాడు నల్లా కాడ ఒకామె అననే అన్నది, 'ఏందత్తా, మీ బ్రహ్మచారి పేరు నిలవెట్టుకున్నడంట గద!' అని. ఆడోళ్ళందరు పక్కున నవ్వవట్టిరి. మా అమ్మ నిండు బకెట్ ఆడ్నే కుమ్మరిచ్చి ఇంటికొచ్చింది.

ఆనాడు మా ఇంట్ల పొయ్యి ముట్టిచ్చలే. 'ఇంటిపేరు ముంచినవ్ గదరా, నలుగుర్ల నా తల తీసినవ్' అని అమ్మ. వదిన ఒక మూలకు కూసున్నది. నాకు భయమైంది, బకెట్ మోసింది నేనే గద, నా పేరు యాడొస్తదో అని. అమ్మ బకెట్ తీసి బజాట్లకు ఇసిరేసింది. తెల్లారకముందు మబ్బులనే పోయి తానే తెచ్చుకున్నది. పారేస్తందుకు పానం ఒప్పలే.

ఏడుపు ఒకనాడు తీరుతది. అసలు దెబ్బ ఆ తర్వాత వడ్డది. పుస్తెలు బందైనయ్. ముందుగాల బేరమాడిపోయిన పెండ్లోళ్ళు మళ్ళ రాలే. వాళ్ళ బంగారం పసుపుబట్టతోని సహా అడిగి తీసుకపోయిండ్రు. ఒకాయన ఆగి మర్యాదగనే చెప్పిండు, 'చారీ, నీ పనికి వంక లేదు. గని కోత వడ్డోని చేతి పుస్తె మా పిల్ల మెడల వడితే, ఆమె కడుపు పండకపోతే ఎట్ల?' అని. ఇంకొకడు ఇంకో కథ వుట్టిచ్చిండు, ఆపరేషన్ అయినోనికి దమ్ము పోతది, ఊదుగొట్టం ఊదలేడు, మంట సక్కగ వడదు, అతుకు నిలవదు అని. గది ఇని నలుగురు దుకాణం ముందల నిలవడి సూస్తుండిరి, మా అన్న ఊదుతున్నడా లేదా అని. ఊదుతుండె పాపం, ముక్కుపుల్లలకు, తెగిన గొలుసులకు. ఎవరింటికన్న పెండ్లి బాజా పోతుంటే తల కిందికేసి ఇంకా జెర గట్టిగ ఊదుతుండె. అవుసులోనికి పుస్తెల పని పోయిందంటే, బువ్వ పోయినట్టే గాదు బిడ్డా, ఉన్న మర్యాద పోయినట్టు. ఒకనాడు నేనే అడిగిన, 'ఎందుకు చేయించుకుంటివన్నా?' అని. కోపంగనే అడిగిన. ఆయన లోపలికి సూపిచ్చిండు. వసారాల ఎండకు కూసొని మా వదిన తల దువ్వుకుంటున్నది. పిల్లగాడు ఏదో అంటే నవ్వుతున్నది. నేను ఆమెకు పండ్లు గింత తెల్లగుంటయని సుత సూల్లే అప్పటిదాన్క. 'దానికోసంరా' అన్నడు.

ఆ ఎండాకాలానికి సంగతి తిరగవడ్డది. పైకెళ్ళి హుకుం వొచ్చిందంట, ఇంతమందిని తేవాలె అని. పంతుళ్ళకు కోటా, గుమస్తాలకు కోటా. ముందు చెప్తుండిరి, తర్వాత బతిమాలుతుండిరి, ఆ తర్వాత పట్టుకపోవుడు షురూ. జీపు వొచ్చిందంటే గల్లీల మొగోడు ఉండకపోయేది. పెండ్లిగానోన్ని పట్టుకపోయిండ్రు అని ఒకరు, ముసలోన్ని పట్టుకపోయిండ్రు అని ఒకరు. ఎంత నిజమో ఎంత అబద్ధమో, భయం మాత్రం నిజమే. నాకు పెండ్లయి యాడాది నిండలే, పిల్లల్లేరు. నేను స్టేషన్ దిక్కు పోవుడే బంద్ వెట్టిన.

ఒకనాడు పొద్దెక్కినంక దుకాణంల ఉన్న, గల్లీ మొదట్ల జీపు ఆగింది. పరిగెత్తుదామంటే వెనక తొవ్వ లేదు. అన్న నా మెడవట్టి బొగ్గుల బస్తాల సందుల కూసోవెట్టి, పైన గోనెసంచి కప్పిండు. బొగ్గుపొడి ముక్కుల వోయి తుమ్మొస్తున్నది, మా అమ్మ నా పక్కకే వొచ్చి కూసొని గట్టిగ దగ్గవట్టింది, నేను తుమ్మినా ఇనవడకుండ. మాటలన్నీ నాకు ఇనవడుతున్నయ్. ఒక ఆఫీసరు, ఇద్దరు జవాన్లు, వెనక సలోమి. ఆమెను సుత తోలుకొచ్చిండ్రు, ఇండ్లు చూపియ్యమని. 'ఈ ఇంట్ల ఇంకొక మొగోడు ఉన్నడంట గద?' అన్నడు ఆఫీసరు. గప్పుడు మా అన్న ఏం చేసిండో తెల్సా? లోపలికి వోయి, గా ఎర్ర బకెట్ పట్కొచ్చి, ఆఫీసరు ముందల దుకాణం గడప మీద ఠక్కున వెట్టిండు. 'ఈ ఇంట్ల అయిపోయింది సార్. ఇగో బకెట్' అన్నడు. ఆఫీసరు బకెట్ సూసిండు, సలోమిని సూసిండు. సలోమికి నేనున్నట్టు ఎరుకే. నా చెప్పులు గడప కాడనే ఉన్నయ్, ఆమె సూసిందని తర్వాత చెప్పింది. 'అవునండీ, ఇది అయిపోయిన ఇల్లేనండీ. నేనే చేయించాను' అన్నది. జీపు పోయింది. నేను బయటికొస్తే నా మొఖం సూసి మా వదిన జడుసుకున్నది, అంత నల్లగున్న.

ఆ పొద్దుమూకి మళ్ళొచ్చింది సలోమి, ఒక్కతే, గొడుగు లేకుండ. 'నేనీ ఉద్యోగం ఇందుకు చెయ్యలేదండీ' అని గడప మీద కూసొని ఏడ్సింది. అన్న ఏమన్నడంటే, 'అమ్మా, నాకు చెప్పినవు, నేను పోయిన. గది నా ఇష్టం. వీడు పోనంటుండు, గది వీని ఇష్టం. మంచి పనే అయినా మెడ మీద చెయ్యేస్తే గది మంచిగ ఎట్లుంటదమ్మా?' అని. గీ మాట నేను శానామందికి చెప్పిన బిడ్డా, ఎవరు చెప్పినా నాకు దీన్ని మించింది దొరకలే. మా అమ్మ ఊకుంటదా? తలుపు సాటుకెళ్ళి అందుకున్నది, 'నీ మాటలు ఇన్నందుకు నా కొడుకుకు పుస్తెల పని వోయింది. గది తెల్సా నీకు?' అని. సలోమికి తెల్వదు. మొత్తం ఇన్నది. ముక్కు తుడుసుకొని లేసి పోయింది.

మళ్ళ ఆదివారమే, చర్చి వదిలినంక, ముగ్గురొచ్చిండ్రు. సలోమి, ఆమె చేసుకోబోయే డేవిడ్ రాజు, అతని తల్లి. బజారంత ఆదివారం కళ మీదుంది, దుకాణం ముందల పది మంది. సలోమి అందరు ఇనేటట్టే అన్నది, 'బ్రహ్మచారి గారూ, నా పెళ్ళికి పుస్తెలు మీరే చెయ్యాలండీ. ఒకదాని మీద సిలువ రావాలి' అని. ఆ తల్లికి ఎవరో ముందే చెవులేసినట్టున్నరు, 'ఆయన చేత్తోనే ఎందుకమ్మా, వేరే కొట్లు లేవా?' అని నసిగింది. సలోమి ఏమన్నదో ఇను. 'అత్తయ్యగారూ, ఆయన చెయ్యి చెడిపోయిందంటే, చేయించుకోమన్నది నేనే కదండీ, ముందు నా చెయ్యి చెడాలి. ఈ చేత్తోనే కదండీ రేపు మీకు అన్నం పెట్టేది?' అత్త కొంగు సదురుకొని పక్కకు జరిగింది. డేవిడ్ రాజు మెల్లగ నవ్వుకుంట జేబులకెళ్ళి బంగారం తీసి ఇచ్చిండు, మంచోడు.

ఇగ ఏమైందో సూడు. వాళ్ళకు మన పద్ధతి తెల్వదు, బియ్యం, కొబ్బరికాయ తెచ్చుకోలే. మా అమ్మ లోపలికి వోయింది. అలిగిపోయిందనుకున్నం. పళ్ళెంల బియ్యం, తమలపాకులు వెట్టుకొని తానే వొచ్చి, సలోమి చేతికిచ్చి, 'ఇయ్యి. ఉత్త చేతులతోని అడుగుతరా పుస్తెలు?' అన్నది. మా అమ్మ, సూడు! అన్న తానం చేసొచ్చి సుత్తెకు పసుపు వెట్టిండు, వాళ్ళు ముగ్గురు తలలు వంచుకొని ప్రార్థన చేసిండ్రు, అన్న సుత కండ్లు మూసుకున్నడు. ఎవరి దేవునికి వాళ్ళు చెప్పుకున్నరు. ఊదుగొట్టం నోట్ల వెట్టి ఊదిండు సూడు, మంట లేసింది, గసువంటి మంట నేను మళ్ళ సూల్లే.

అసలు మజా ఇప్పుడుంది. సలోమి పెండ్లయింది, యాడాది తిరిగేసరికి కాన్పయింది, కవలలు! పిల్ల బ్యూలా, పిల్లగాడు ఆషర్. చెరో చెయ్యి మీద ఒక్కొక్కరిని ఎత్తుకొని దుకాణానికొచ్చింది. 'ఇద్దరు చాలని ఊరంతా చెప్పానా, దేవుడు విన్నాడండీ, ఒకే కాన్పులో ముగించేశాడు' అని ఒకటే నవ్వు. గని ఇది సూసి బజారోళ్ళు ఏమనుకున్నరు? మా అన్న హస్తవాసి అనుకున్నరు! బ్రహ్మచారి పుస్తె కడితే కవలలు పుడ్తరంట అని. నిన్న గొడ్డు చెయ్యన్నోళ్ళే, ఇయ్యాల పళ్ళాలు పట్టుకొని లైను. పెండ్లయి పదేండ్లయినా పిల్లల్లేనోళ్ళు పాత పుస్తెలు తెచ్చి, కరిగించి మళ్ళ చెయ్యమని దండం వెడ్తుండిరి. అన్న చెప్తే ఇంటరా? 'అమ్మా, నాది ఉత్త సుత్తె. డాక్టరు కాడికి పోండ్రి' అంటే, 'మీరు పెద్దోళ్ళు, గట్లనే అంటరు' అని కాళ్ళు మొక్కుతుండిరి. సలోమి వొచ్చి నడుముమీద చేతులేసుకొని, 'ఏమండీ, నేనేమో తగ్గించమని తిరుగుతుంటే మీరు పెంచుతున్నారా? నా పని పాడుచేస్తున్నారు' అని కొట్లాడేది. ఇద్దరు గంటసేపు నవ్వుకుంటుండిరి. మా వదిన అప్పటికి దుకాణంల కూసొని నల్లపూసలు గుచ్చుడు నేర్చుకున్నది. చేతులు ఖాళీ దొరికినయ్ గద ఆమెకు. ఆమె గుచ్చిన పూసలతోనే మీ నాయన చదువు సాగింది, అడుగు మీ నాయనను.

ఆఁ? నొప్పయిందా అంటవా? నాలుగొద్దులు. నడిసొచ్చినందుకు. ఆ తర్వాత ఇరవై ఏండ్లు సుత్తె కొట్టిండు, నడుము ఏం పడిపోలే, మీ అమ్మకు చెప్పు. లే, నేనే చెప్తలే. నాకు ఇష్టం లేకుండె, నేను చేయించుకోలే. ఇద్దరు పుట్టినంక మీ చిన్న నానమ్మ నేను చేయించుకుంట అని తనే అడిగి పోయింది. ఆమె ఇష్టం ఆమెది. కనమంటే కనుడు, వద్దంటే మానుడు, టీవీల ఆయన చెప్తే గాదు బిడ్డా. కనేటామెను అడుగు, ఆ తర్వాత నిన్ను నువ్వు అడుక్కో. రజితను అడిగినవా? ఏమన్నది? ... ఊఁ. ... ఎప్పుడు, సోమవారమా? అయితే డేట్ సుత తీసుకున్నవన్నమాట! ఇంతసేపు నాతోని వాగిపిచ్చినవ్ గదరా!

...

అరే ఊకో, మీ అమ్మొస్తున్నది. ఆఁ కోడలా, చెప్పిన, మొత్తం చెప్పిన. మంచిగ ఇన్నడు. చాయ్ల చక్కెర ఎయ్యకు. ... పోయిందా? ఇను, సోమవారం పొద్దుగాల్లనే నేనొస్త. బైక్ తియ్యకు, ఆటో మాట్లాడు, వొచ్చేటప్పుడు సుత ఆటోనే. ఇప్పుడు బకెట్ ఇస్తరో ఇయ్యరో గని, ఇస్తే మోసేది నేనే. ఇగ పాపనెత్తుకో, నా కాలు తిమ్మిరెక్కింది.